ఏ గదిలో ఎవరు

సాంతోస్, 9 ఆగస్టు 2009

జుసారా,

దేవుడు నిన్నూ అల్లుణ్ణీ పిల్లలు ముగ్గురినీ చల్లగా చూడాలి. మొన్న ఆదివారం నువ్వు ఫోన్ చేశావు. నేను ఎత్తాను. నువ్వేదో అన్నావు, నేను ‘ఆఁ, అలాగే’ అన్నాను. నిజం చెప్పాలంటే ఒక్క ముక్క వినపడలేదు. జీవితమంతా డీజిలు ఇంజను పక్కన కూర్చున్న చెవులివి, వాటినేం అనకు. నేను దేనికి ‘అలాగే’ అన్నానో కాగితం మీద రాసి పంపు. ఇకమీదట ముఖ్యమైనవన్నీ ఉత్తరాల్లోనే మాట్లాడుకుందాం. ఫోన్‌లో మనిద్దరం మాట్లాడుకుంటే పక్క వీధివాళ్ళు కిటికీలు మూసుకుంటున్నారు.

ఇప్పుడు అసలు విషయం. పడవ అమ్మేశాను. ఏడవకు, నేనే ఏడవలేదు. ఆ వచ్చినదానితో మనం ఆరుగురం జనవరి సెలవుల్లో ఓడ ఎక్కుతున్నాం. ఇక్కణ్ణుంచి బూజియోస్ దాకా వెళ్ళి తిరిగి వచ్చే తెల్ల ఓడ. అంత పెద్ద ఓడలు నా ముందునుంచి వెళ్ళినప్పుడల్లా నా రేవు పడవను ఎత్తి కుదేసేవి. పైనుంచి జనం నవ్వుతూ చేతులూపేవాళ్ళు. నేను ఒక చేత్తో చుక్కానీ ఇంకో చేత్తో ఎవరో ముసలావిడ చేపల బుట్టా పట్టుకుని వాళ్ళను తిట్టుకునేవాణ్ణి. ఒక్కసారైనా పైన నిలబడి కిందివాళ్ళకి చెయ్యి ఊపాలని ఉంది. ఊపేది నన్ను తిట్టే సరంగులకే అని తెలుసు, అయినా ఊపుతాను.

గొంజాగాలో టికెట్ల షాపుకి వెళ్ళాను. అక్కడ కెయ్లా అని ఒక అమ్మాయి ఉంది, మంచిదే కానీ తొందర ఎక్కువ. ఓడ పటం బల్ల మీద పరిచి, పై అంతస్తుల్లో బాల్కనీ గదులు బాగుంటాయంది. నేను వద్దన్నాను. కాయో మీ పెళ్ళిలో కేకు బల్ల ఎక్కిన పిల్లాడు, వాడికి బాల్కనీ చూపిస్తామా? కింది అంతస్తు, ఓడకి సరిగ్గా నడుమ, కిటికీ లేని గదులు రెండు చెప్పాను. నడుమన కుదుపు తక్కువ, పిల్లల కడుపులు నిలుస్తాయి. చీకటిగా ఉంటుంది కాబట్టి ఆలస్యంగా లేస్తారు. ఇంతకంటే ఏం కావాలి?

ఒక గదికి నలుగురిని మించి పట్టరట, ప్రతి గదిలోనూ పెద్దవాళ్ళు ఒకరుండాలట. అందుకని ఇలా పంచాను: నువ్వూ, అల్లుడు ఓస్మార్, రెనాన్ ఒక గదిలో. నేనూ, లొరేనా, కాయో ఇంకో గదిలో. పటం మీద పేర్లు కూడా రాసి దీంతో పంపుతున్నాను. బాగుందని ఒక్క ముక్క రాస్తే చాలు.

మీ నాన్న
అనక్లేతో

ఉబెరాబా, 20 ఆగస్టు 2009

నాన్నా,

దీవించు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ఫోన్‌లో ‘అలాగే’ అన్నది చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి. నాలుగుసార్లు అడిగాను, నాలుగుసార్లూ ఒప్పుకున్నావు. వెళ్ళలేదన్నమాట.

పడవ అమ్మేశానని ఒక్క వాక్యంలో రాసి పక్కకు జరిగావు. ఏడవకు అంటే ఏడవకుండా ఉంటారా ఎవరైనా? సరే, దాని గురించి ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.

ఓడ సంగతి వినగానే రెనాన్ ఇల్లంతా పరుగెత్తాడు. కాయో వాడి వెనకాల పరుగెత్తాడు, ఎందుకో వాడికి తెలియదు. అందుకే చెప్తున్నా, నీ ఏర్పాటుకి కృతజ్ఞతలు, కానీ ఆ గదులు వద్దు నాన్నా. లొరేనా, కాయో పుట్టి ఇంతవరకు సముద్రం చూడలేదు. ఈ ఊళ్ళో సముద్రమంటే టీవీలో వాన కబుర్లు చెప్పేటప్పుడు పక్కన కనపడే నీలం రంగు. అలాంటి పిల్లల్ని ఓడ ఎక్కించి కిటికీ లేని గదిలో పెడతావా? దానికి ఓడెందుకు, మా స్టోర్ రూమ్ చాలదా? కిటికీ ఉన్న గదులు చూడు.

ఇంకొకటి. మా స్కూల్లో నయీర్ అని ఉంది, తను నిరుడు వెళ్ళొచ్చింది. వాళ్ళ గది భోజనాల హాలు కింద పడిందట, తెల్లారకముందే నెత్తిమీద కుర్చీలు ఈడుస్తుంటే నిద్ర లేదంది. డాన్సులు జరిగే హాలు కింద అయితే ఇంకా అన్యాయమట. కాబట్టి గది పైనా కిందా ఏమున్నాయో కనుక్కో. పిల్లలు ఆడుకునే హాలుకి దగ్గరగా ఉంటే మంచిది. లిఫ్టుకి మరీ ఆనుకుని వద్దు. బాల్కనీ నాకూ వద్దు, ఆ ఒక్క విషయంలో నీతో ఏకీభవిస్తున్నాను, గుర్తుపెట్టుకో, మళ్ళీ ఎప్పుడు జరుగుతుందో ఏమో. గోడలు మందంగా ఉంటాయా అని కూడా అడుగు. ఓస్మార్ రోజంతా నెలోర్ జాతి ఆవులకు సూదులు వేసి వచ్చి పడుకున్నాడంటే వీధి చివర కుక్క లేచి మొరుగుతుంది.

చివరగా, గదుల పంపకం కాస్త మార్చు. రెనాన్‌ని నీ దగ్గర పడుకోబెట్టుకో, నీ మనవడు, వాడికీ సంతోషం. లొరేనా, కాయో మా దగ్గర ఉంటారు. కారణాలు రాయను, నీకే అర్థమవుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళు.

నీ
జుసారా

సాంతోస్, 2 సెప్టెంబరు 2009

జుసారా,

దీవెనలు. అర్థమైంది. బాగానే అర్థమైంది.

ముసలాడు చెవిటివాడు, పిల్ల ఏడిస్తే లేవడు. సొంత మనవడైతే సర్దుకుపోతాడు, అల్లుడి పిల్లల్ని మాత్రం వీడి చేతిలో పెట్టకూడదు. ఇంతే కదా నువ్వు రాయనన్న కారణం? మీ నాన్న పడవలో ఇన్నేళ్ళలో ఒక్క పిల్లాడి చెప్పు కూడా నీళ్ళలో పడలేదు. ఈ రేవులో ఎవరినైనా అడుగు. సరే, కోపం లేదు. కోపముంటే ఉత్తరం రాస్తానా?

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చెవిలో పెట్టుకునే మిషను ఒకటి ఇచ్చాడు. పెట్టుకుంటే అది ఈలేస్తుంది. వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు వెనక్కి తిరిగి నన్ను కోపంగా చూశారు. సొరుగులో పెట్టేశాను.

కాయో సంగతికి ఉపాయం ఉంది. వాడి మణికట్టుకీ నా మణికట్టుకీ ఒక సన్నటి తాడు కడతాను. వాడు కదిలితే నేను లేస్తాను. చెవులతో పనేముంది?

ఇక నువ్వడిగిన కిటికీ. మళ్ళీ షాపుకి వెళ్ళాను. కెయ్లా నన్ను చూసి ముందు మంచినీళ్ళు తాగింది, తరవాత పటం తీసింది. ఈసారి నేను దొరికించుకున్న గది చూస్తే నువ్వే మెచ్చుకుంటావు. ఆరో అంతస్తు, పెద్ద కిటికీ, ఆ కిటికీకి ఎదురుగా లైఫ్‌బోటు వేలాడుతూ ఉంటుంది. ఎంత దగ్గరంటే చెయ్యి చాపితే తగిలేటట్టుంది. ‘సముద్రం కనపడదండీ, పడవ అడ్డం వస్తుంది, అందుకే ఈ గది ఎవరూ తీసుకోరు’ అంది కెయ్లా. పిచ్చిపిల్ల. కళ్ళు తెరవగానే ఎదురుగా పడవ కనిపిస్తే అంతకంటే నిశ్చింత ఏముంది? సముద్రం ఎక్కడికీ పోదు, పైకి వెళ్ళి చూసుకోవచ్చు.

ఒక్కటే ఇబ్బంది. దాని పక్కన ఇంకో గది ఖాళీ లేదు. మీ ముగ్గురికీ ఓడ ముందు కొసన ఒకటి దొరికింది. మధ్యలో వరండా ఉంది, నడిస్తే నడిచేదే. ఏ గదికి ఏ లైఫ్‌బోటో ముందే రాసిపెట్టి ఉంటుందట. అలారం మోగితే మీరు మీ పడవకి వెళ్ళాలి, మేం మా పడవకి వెళ్ళాలి. లొరేనాకీ కాయోకీ ఎదురుగా ఉన్న పడవే వచ్చింది. చూశావా, చెవిటివాడు పిల్లలకి ఎంత మంచి చోటు పట్టాడో. కొత్త పటం మీద పేర్లు రాసి పంపుతున్నాను. ఈసారి గీతలు కూడా స్కేలుతో కొట్టాను.

అల్లుణ్ణి అడిగానని చెప్పు.

మీ నాన్న
అనక్లేతో

ఉబెరాబా, 15 సెప్టెంబరు 2009

నాన్నా,

నీ చెవుల గురించి నేను ఒక్క మాట అనలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను, అంతే. నేను ‘కారణాలు రాయను’ అన్నది పిల్లలు ఉత్తరాలు చదువుతారని. ఇప్పుడు దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి అన్నీ రాస్తాను, నింపాదిగా చదువు, మధ్యలో లేచి షాపుకి పోకు.

నీ కొత్త పటం రాగానే రెనాన్ దాన్ని తీసుకెళ్ళి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. స్కేలుతో కొట్టిన గీతలు చాలా స్పష్టంగా ఉన్నాయి నాన్నా, వంటింట్లో ఎక్కణ్ణుంచి చూసినా కనపడుతున్నాయి. ఓడకి ఈ కొసన నేనూ, ఓస్మార్, రెనాన్. ఆ కొసన లొరేనా, కాయో, నువ్వు. రెండు గదులకీ రెండు పడవలు కూడా బొమ్మ వేశావు. లొరేనా స్కూలునుంచి వచ్చి, నీళ్ళ సీసా కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, అక్కడే నిలబడిపోయింది. నేను అన్నం వారుస్తున్నాను. వెనక్కి తిరిగి చూడకుండానే అంది: ‘నాన్న కూడా మీ గదిలోనే ఉన్నాడు. మేమిద్దరం ముసలాయన దగ్గర. సరిగ్గానే రాశాడులే.’

నా కొడుకుని నా దగ్గర పెట్టావు, ఆ పిల్లల తండ్రిని కూడా నా దగ్గర పెట్టావు, వాళ్ళిద్దరినీ తీసి ఓడ చివర పెట్టావు. మునిగితే వేరే పడవ అని కూడా రాశావు.

నీకు తెలియదు ఈ ఇంట్లో నేను ఎంత జాగ్రత్తగా అడుగు వేస్తున్నానో. లొరేనాకి పదమూడేళ్ళు. వాళ్ళమ్మ సేలియా పోయినప్పుడు కాయో చంటిపిల్లాడు, వాణ్ణి ఎత్తుకుని తిరిగింది ఆ పిల్లే. ఇప్పటికీ వాడి చెప్పుల తాళ్ళు అదే కడుతుంది. మాంసం ముక్కలు అదే కోసి పెడుతుంది. నేను వాణ్ణి ఎత్తుకుంటే అరిచి గొడవ చెయ్యదు, నిశ్శబ్దంగా వచ్చి నా చేతుల్లోంచి తీసుకుని వెళ్ళిపోతుంది. వాణ్ణి బడికి దింపడానికి కూడా నన్ను రానివ్వదు. నా మీద పగ లేదు. వాడు నాకు అలవాటైతే వాళ్ళమ్మ పూర్తిగా పోయినట్టేనని భయం. నాకు అర్థమవుతుంది, అందుకే తొందరపెట్టలేదు. మొన్న జూన్ పండగకి మొదటిసారి నా ముందు కూర్చుని జడ వెయ్యమంది. రెండు జడలు వేశాక, అది వెంటనే లేచిపోకూడదని రిబ్బన్లు వెతుకుతున్నట్టు నటించాను. అంత మాత్రం దక్కడానికి నాకు రెండేళ్ళు పట్టింది. నువ్వు ఒక పటంతో తిరిగి మొదటికి తెచ్చావు.

ఇప్పుడు ఓడ ఎక్కనంటోంది. సెలవులకి అరషాలో వాళ్ళ అమ్మమ్మ దగ్గరికి వెళతానంటోంది, కాయోని కూడా తీసుకుని. అక్కడే బడిలో చేరితే ఏమవుతుందని నిన్న వాళ్ళ నాన్నని అడిగింది. ఓస్మార్ ‘చిన్నపిల్ల, నాలుగు రోజుల్లో మర్చిపోతుంది, వదిలెయ్’ అంటాడు. ఆవుకి జ్వరం వస్తే పక్కన కూర్చుని కదలడు, కూతురు ఇల్లు వదిలి పోతానంటే వదిలెయ్యమంటాడు. మీ ఇద్దరు మగాళ్ళ మధ్య నాకు పిచ్చెక్కుతోంది.

వెళ్ళనివ్వాల్సి వస్తే వెళ్ళనిస్తాను, కానీ ఒకసారి వెళితే ఆ పిల్లలు ఇక ఈ ఇంటికి చుట్టాల్లా వచ్చిపోతారు. నా భయం అదీ. కుదుపులు, కిటికీలు, ఇవన్నీ నాకు అక్కర్లేదు. ఆ గదులు మార్చు.

ఆ తాడు ఆలోచన కూడా మానెయ్. వాడు దూడ కాదు.

జుసారా

సాంతోస్, 27 సెప్టెంబరు 2009

జుసారా,

ఈసారి నువ్వు దీవెన అడగలేదు. అయినా పంపుతున్నాను, ఉంచుకో.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను ఏదో పాపం చేసినట్టు రాశావు. నేనేం చేశానో చెప్తాను, విన్నాక నీకే నవ్వొస్తుంది.

చిన్నప్పుడు నువ్వు సెలవు రోజుల్లో మీ అమ్మతో నా పడవ ఎక్కేదానివి కదా. మీరిద్దరూ ముందు బల్ల మీద కూర్చునేవాళ్ళు. ఒకరోజు నా పక్కన, చుక్కాని దగ్గర, ఎవరో పిల్లాణ్ణి కూర్చోబెట్టుకున్నానని నువ్వు దారిపొడుగునా ఏడ్చావు. రేవు దిగాక కూడా ఏడుస్తూనే ఉన్నావు, ఆఖరికి పుట్నాల పొట్లం కొనిస్తే ఊరుకున్నావు. ఎందుకు కూర్చోబెట్టుకున్నానో నీకెప్పుడూ చెప్పలేదు. మా సరంగులందరికీ అదొక పద్ధతి. అవతలి ఒడ్డునుంచి పనిమనుషుల పిల్లలు ఒంటరిగా బడికి వచ్చేవాళ్ళు. తల్లి పడవలో లేని పిల్లల్ని ఎక్కడపడితే అక్కడ కూర్చోనివ్వం. చుక్కాని పక్కన, సరంగు మోకాలికి ఆనుకుని కూర్చోవాలి. పెద్ద ఓడ పోయి అల తోసిందంటే సరంగు చెయ్యి మొదట పడేది ఆ పిల్లల మీదే. ఆ చోటు డబ్బున్నవాడు అడిగినా ఇవ్వం. సొంత బిడ్డకైనా ఇవ్వం, దానికి పక్కన తల్లి ఉంటుంది కాబట్టి.

నేను చేసింది అదే. రెనాన్‌కి నువ్వున్నావు. లొరేనా, కాయోల తల్లి పడవలో లేదు. అందుకని వాళ్ళని నా పక్కన పెట్టుకున్నాను. లైఫ్‌బోటు వాళ్ళ కిటికీకే వచ్చేలా చూశాను. ఓడ మొత్తంలో మంచి చోటు ఆ పిల్లలకి ఇచ్చి, నా కూతుర్నీ నా మనవణ్ణీ మూలకి నెట్టాను. నేను వాళ్ళని దూరం పెట్టానంటావా?

ఇదే మాట ఆ పిల్లకి చెప్పు. అర్థం చేసుకుంటుంది. ఫ్రిజ్ మీది పటం తియ్యాల్సిన పని లేదు.

ఇక్కడ ఈ వారమంతా ముసురు. పడవ లేదు కాబట్టి వానని తిట్టాల్సిన పని కూడా లేదు, ఏం చెయ్యాలో తోచడం లేదు.

మీ నాన్న
అనక్లేతో

ఉబెరాబా, 8 అక్టోబరు 2009

నాన్నా,

నవ్వు రాలేదు.

నీ పద్ధతి మంచిదే. నీ మనసు కూడా మంచిదే, దాన్ని నేనెప్పుడూ అనుమానించలేదు. కానీ నువ్వు రాసిన ఆ ఒక్క వాక్యాన్ని నేను లొరేనాకి చదివి వినిపించలేను. నా నోటితో నేను చదవలేను.

వాళ్ళ తల్లి పడవలోనే ఉంటుంది నాన్నా. నేనే. సేలియా చోటు నాకు వద్దు, ఆవిడ చోటు ఆవిడదే. అయినా రోజూ పొద్దున్నే లేచి ఆ ఇద్దరి డబ్బాలు కట్టేది నేను. వాళ్ళు నన్ను ఏమని పిలిచినా, అసలు పిలవకపోయినా, అలారం మోగితే నేను వాళ్ళ దగ్గరికి పరుగెత్తాలి. నువ్వు పెట్టిన చోటునుంచి పరుగెత్తితే నేను చేరలేను. నాకు ఇన్నాళ్ళూ కోపం ఎందుకొచ్చిందో నాకే ఇప్పుడు తెలిసింది. ఆ పిల్ల నన్ను తల్లి కాదనుకోవడంలో న్యాయముంది. నా కన్నతండ్రి కూడా అలాగే అనుకుంటున్నాడు.

అరషా వెళ్ళడానికి లొరేనా సంచి సర్దేసింది. ఇంకా మూడు నెలలుంది సెలవులకి, అయినా సంచి మంచం కింద పెట్టుకుని పడుకుంటోంది. కాయో బట్టలు కూడా అందులోనే.

ఇక నువ్వేమీ మార్చకు, ఏ గదీ చూడకు. షాపువాళ్ళు ఒప్పుకుంటే అన్నీ రద్దు చెయ్యి. వాళ్ళిద్దరూ లేకుండా నేను ఓడ ఎక్కను.

జుసారా

సాంతోస్, 25 అక్టోబరు 2009

జుసారా,

దీవెనలు. నాలుగు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను, ఆ తరవాత నా మీద. రెండూ తీరాక రాస్తున్నాను, అందుకే ఆలస్యం.

ముందు నీ మీది కోపం. ఆగస్టులోనే ‘నాన్నా, ఆ పిల్లలకి నేనే తల్లిని, నా పక్కన పెట్టు’ అని రాస్తే ఒక్క వాక్యంతో పోయేది కదా. కారణాలు రాయను, నీకే అర్థమవుతుంది అంటే నేనేమైనా సోదె చెప్పేవాణ్ణా? మీ అమ్మ కూడా ఇంతే. ఉప్పు కావాలంటే ఉప్పు అని అడిగేది కాదు, కూర వైపు చూసేది.

నా మీది కోపం ఎందుకో నీకు తెలుసు, విడిగా రాయను. నువ్వు రాసిన ఆ ‘కన్నతండ్రి కూడా’ దగ్గర కాఫీ పక్కన పెట్టేశాను. నేను అలా అనుకోలేదు. ఆలోచించకుండా చేశాను, అలవాటుగా చేశాను. కానీ పటం చూసిన పిల్లకి అది ఎలా తెలుస్తుంది?

షాపుకి వెళ్ళొద్దన్నావు. వెళ్ళాను. కెయ్లా తలుపు దగ్గరే నన్ను చూసి కుర్చీలోంచి లేచి లోపలికి పోయింది. వాళ్ళ యజమాని వచ్చి ఆమెని వెనక్కి పంపాడు. ‘తాతగారూ, ఇది ఆఖరిసారి అనండి’ అంది. అన్నాను.

రద్దు చెయ్యలేదు. నాలుగు పడకల గది ఒకటి తీసుకున్నాను, కింద రెండు మంచాలు, గోడలోంచి దించుకునే పై మంచాలు రెండు. ఆ గదిలో పెద్దదిక్కుగా నువ్వు, పిల్లలు ముగ్గురూ. తల్లీ పిల్లలూ ఒక చోట. ఇక మొగుడు లేకుండా గది ఏమిటంటావేమో, ఓస్మార్ నా గదిలో పడుకుంటాడు. అతని గురకకి కుక్క లేస్తుందన్నావు కదా, నేను లేవను. దేవుడు నా చెవులు ఇందుకే తీసుకున్నాడేమో అని కెయ్లాతో అంటే మొదటిసారి నవ్వింది. మిషను సొరుగులోనే ఉంటుంది, తీసుకురమ్మని పోరు పెట్టకు.

గదులు రెండూ ఎదురెదురు తలుపులు. కింది అంతస్తు, ఓడకి సరిగ్గా నడుమ. అంటే నేను మొదట చెప్పిన చోటే, ఇది మాత్రం నువ్వు ఒప్పుకోవాలి. మీ గదికి గుండ్రటి కిటికీ ఉంది, సముద్రం కనపడుతుంది, అడ్డం ఏమీ లేదు. నాదానికి కిటికీ లేదు, అల్లుడికీ నాకూ ఒకరినొకరు చూసుకోవడానికి అదే చాలు. పైన ఏముందని కూడా అడిగాను. మనలాంటి ప్రయాణికుల గదులేనట, కుర్చీలు ఈడ్చేవాళ్ళు లేరు. రెండు గదులకీ ఒకటే లైఫ్‌బోటు. దాని కోసమే కెయ్లాని రెండుసార్లు ఏడిపించాను. ఆరుగురం ఒక పడవలోకే వెళతాం, రెండు పడవలైతే ఓడే వద్దని చెప్పాను.

పటం పంపుతున్నాను. మీ గది మీద ఇలా రాశాను: జుసారా, లొరేనా, రెనాన్, కాయో. పిల్లలకి వయసు వరసే, ఇంకే లెక్కా లేదు. అంటించాలో వద్దో నువ్వే చూసుకో. ఆ పిల్ల రానంటే బలవంతం చెయ్యకు. రాకపోతే నేను ఒక్కణ్ణి ఆ ఓడలో వెళ్ళి ఎవరికి చెయ్యి ఊపాలి? అప్పుడు చూసుకుందాం.

మీ నాన్న
అనక్లేతో

ఉబెరాబా, 10 నవంబరు 2009

నాన్నా,

దీవించు, ఈసారి రెండింతలు.

పటం నేను అంటించలేదు. బల్ల మీద పెట్టి, ఉప్పు సీసా బరువు పెట్టి, బజారుకి వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి అది అక్కడే ఉంది, ఉప్పు సీసా మాత్రం పక్కకు జరిగింది. ఆ తరవాత రెండు రోజులూ ఈ ఇంట్లో నేను ఎన్ని అంట్లు తోమానో, శుభ్రంగా ఉన్నవి కూడా తోమాను. ఓస్మార్ ‘మీ నాన్న నన్ను మీ గదిలోంచి గెంటేశాడు’ అని ఒకసారి నవ్వబోయి, నా ముఖం చూసి పశువుల దొడ్డికి వెళ్ళిపోయాడు.

నిన్న భోజనాల దగ్గర గొడవ మొదలైంది. రెనాన్ పై మంచం నాదే అన్నాడు. లొరేనా తల ఎత్తకుండానే, ‘రెండున్నాయి కదరా, కిటికీ వైపుది నాది. నువ్వు తలుపు వైపు ఎక్కు’ అంది. వీడు ఊరుకుంటాడా, నేనే ముందు అడిగానన్నాడు. నువ్వు అడిగితే నాకేంటి నేను పెద్దదాన్ని అని అది. చెంచాలు విసురుకునేదాకా వచ్చింది. రానన్న పిల్ల పై మంచం కోసం కొట్లాడుతోందని నాకు ఎప్పటికో గానీ తట్టలేదు. ఇద్దరినీ కసిరాను. కసిరి, నీళ్ళ కోసమని లేచి వంటింట్లోకి వెళ్ళాను.

లొరేనా నా వెనకాలే వచ్చింది. పటం చేతిలో ఉంది. తలుపు చట్రానికి ఆనుకుని నిలబడి, రెండు గదులకీ పడవ ఒకటేనా అని అడిగింది. ఒకటే అన్నాను, తాత అందుకోసం షాపులో అమ్మాయిని ఏడిపించాడని చెప్పాను. కాసేపు పటం మీద వేలు పెట్టి మన తలుపునుంచి మెట్ల దాకా గీసింది. తరవాత నా వైపు చూడకుండా అంది:

‘మెట్లు నిటారుగా ఉంటాయట. అలారం మోగితే నేను రెనాన్ చెయ్యి పట్టుకుంటా, వాడు నీ మాట వినడు. కాయోని నువ్వు ఎత్తుకో.’

సరే అన్నాను నాన్నా. అది వెళ్ళి కాయోకి మాంసం ముక్కలు కోసి పెట్టడం మొదలుపెట్టింది, ఎప్పట్లాగే.

మేమందరం వస్తున్నాం. ఇంక ఆ షాపు వైపు వెళ్ళకు.

నీ
జుసారా